తమ్ముడికి ఎల్5-ఎస్1 డిస్క్ జారింది: కీహోల్ ఆపరేషన్ ఇప్పుడే చేయించాలా, ఇంకొన్నాళ్ళు ఆగాలా?

నాగావళి_గట్టు (శ్రీకాకుళం)

అందరికీ నమస్కారం. మా తమ్ముడికి 34 ఏళ్ళు, నరసన్నపేటలో ఎరువుల కొట్టు. కలాసీ రాని రోజు బస్తాలు తనే దింపుతాడు. నెల దాటింది, యూరియా బస్తా ఎత్తి పక్కకు తిరుగుతుంటే నడుంలో కలుక్కుమంది. మొదట్లో నడుం నొప్పే. తర్వాత అది తగ్గి, ఎడమ పిరుదు దగ్గర మొదలై తొడ వెనక నుంచి పిక్క, మడమ, చిటికెన వేలు దాకా జివ్వుమని లాగుతోంది. పది నిమిషాలు కూర్చోలేడు. నిలబడే అన్నం తింటున్నాడు. తుమ్ము వస్తే ప్రాణం పోయినట్టు అరుస్తాడు.

ఎమ్మారైలో రాసింది ఇది: ఎల్5-ఎస్1 (నడుం చివరి పూసకీ, దాని కింది త్రికాస్థికీ మధ్య) దగ్గర ఎడమ వైపు డిస్క్ ఎక్స్‌ట్రూజన్ (డిస్కు లోపలి ముక్క బయటికి రావడం), ఎడమ కాల్లోకి దిగే ఎస్1 నరం మీద ఒత్తిడి. ఎల్3-4, ఎల్4-5 దగ్గర బల్జ్ (డిస్కు కాస్త ఉబ్బడం).

ముగ్గురు డాక్టర్లకు చూపించాం, మూడు మాటలు చెప్పారు. శ్రీకాకుళంలో ఆయన మందులు వాడి ఇంకొన్ని వారాలు చూద్దాం అన్నారు. విశాఖలో ఒకాయన ఎండోస్కోపీ ఆపరేషన్, చిన్న రంధ్రం, మర్నాడే ఇంటికి, సోమవారం వచ్చి చేరిపోండి అన్నారు. ఇంకొకాయన మూడు డిస్కులు పాడయ్యాయి, స్క్రూలు వేసి బిగించాలి అన్నారు. మరదలు చేయించేద్దాం వదినా అని ఏడుస్తోంది, అమ్మేమో వెన్నుపూస మీద కత్తి పెడితే మంచాన పడతాడని ఒప్పుకోవట్లేదు. చేయించుకున్నవాళ్ళు, తెలిసినవాళ్ళు చెప్పండి.

గంటస్తంభం_మాస్టారు (విజయనగరం)

అమ్మా, నేను ఎండోస్కోపీలోనే చేయించుకున్నాను. నాది ఎల్4-5, కుడి కాలు. రెండేళ్ళు దాటింది.

మత్తు పూర్తిగా ఇవ్వలేదు. బోర్లా పడుకోబెట్టి, నడుం పక్కగా తిమ్మిరి ఇంజెక్షన్ చేసి, కాస్త మగతగా ఉండేలా మందిచ్చారు. మాట్లాడుతూనే ఉన్నాను. మధ్యమధ్యలో డాక్టరు "మాస్టారూ, కాలు లాగుతోందా? పాదం ఆడించండి" అని అడిగేవారు. ఒక దశలో పిక్కలోకి భగ్గుమంది, చెప్పాను, వెంటనే ఆపి గొట్టం కోణం మార్చారు. మనిషి మెలకువగా ఉంటే ఇదే లాభమట, నరానికి ఏదైనా తగిలితే రోగే చెప్తాడు. గంటకు అటూఇటూగా అయిపోయింది. సాయంత్రం లేచి నడిచాను, కాలి నొప్పి లేదు. ఒక కుట్టు పడింది, అంతే.

ఇక కరపత్రంలో వెయ్యనిది కూడా చెప్తాను. నొప్పి పోయినా బొటనవేలి దగ్గర మొద్దు చాలా నెలలు ఉండిపోయింది, ఇప్పటికీ కొంచెం ఉంది. ఆపరేషన్ తర్వాత వారం రోజులకు తొడలో మంటలాంటి నొప్పి కొత్తగా మొదలైంది. భయపడి పరిగెత్తితే, గొట్టం పోయే దారిలో ఉండే పై నరం చికాకు పడిందని, మెల్లగా తగ్గుతుందని చెప్పారు. తగ్గింది. కానీ ముందే చెప్పి ఉంటే అంత టెన్షన్ పడేవాణ్ణి కాదు. నడుం నొప్పి మాత్రం ఈ ఆపరేషన్‌తో పోలేదు. బోర్డు దగ్గర మూడు పీరియడ్లు వరసగా నిలబడితే ఇప్పటికీ పట్టేస్తుంది.

రాజాం_ఫిజియో

అక్కా, చిన్న రంధ్రమా పెద్ద కోతా అనేది తర్వాత. ముందు వీటికి జవాబులు కావాలి, ఎమ్మారై రిపోర్టులో దొరకవు:

తమ్ముడు ఎడమ కాలి మునివేళ్ళ మీద ఒంటికాలితో లేవగలడా? గోడ పట్టుకుని పదిసార్లు లేపించి చూడండి, కుడితో పోల్చండి. ఎస్1 నరం దెబ్బతింటే పిక్క బలం తగ్గుతుంది. మడమల మీద నడవగలడా? అది ఎల్5 సంగతి చెప్తుంది. మూత్రం మామూలుగా వస్తోందా, వచ్చినట్టు తెలుస్తోందా? సైకిల్ సీటు తగిలే చోట, అంటే మర్మాంగాల చుట్టూ, మలద్వారం చుట్టూ స్పర్శ తగ్గిందా? అడగడానికి మీరు మొహమాటపడితే మరదలితో అడిగించండి. ఈ చివరి రెండిట్లో ఏది ఉన్నా ఇక్కడ పోస్టు రాస్తూ కూర్చోవద్దు, ఆ రాత్రికి రాత్రే పెద్దాసుపత్రికి వెళ్ళాలి. నడుం కింది నరాల కట్ట మొత్తం నలిగితే వచ్చే లక్షణాలవి. ఒకటి రెండు రోజుల్లోపు ఒత్తిడి తీయకపోతే మూత్రం మీద పట్టు శాశ్వతంగా పోవచ్చు.

చీపురుపల్లి_చిన్నోడు

ఇదంతా కార్పొరేట్ వ్యాపారం అండి. మా తాత ముత్తాతలకు నడుం పట్టలేదా? ఎదురుకాళ్ళతో పుట్టినోడితో ఓ తన్ను తన్నించుకుంటే పోయేది. ఎమ్మారై వచ్చాకే ఈ డిస్కులన్నీ జారుతున్నాయి.

సాలూరు_లారీ

చిన్నోడూ, తన్నించుకున్నవాణ్ణి నేనున్నాను. మా ఊళ్ళో ఎదురుకాళ్ళతో పుట్టిన ముసలమ్మ ఉండేది, గుమ్మంలో బోర్లా పడుకోబెట్టి మూడు తన్నులు తన్నింది. నడుం కండరం పట్టేస్తే అలా తన్నినా పోతుంది, తన్నకపోయినా నాలుగు రోజులకు పోతుంది. నాకు జారింది డిస్కు. ఆ తన్నుతో రాయపూర్ ట్రిప్పు ఎగిరిపోయి మంచం ఎక్కాను.

నాకు చేసింది కోత ఆపరేషనే, ఎండోస్కోపీ కాదు. మైక్రోస్కోప్ పెట్టి చేశారన్నారు. కోత నా బొటనవేలంత కూడా లేదు. ఏడేళ్ళు అయింది. లారీ తోలుతున్నాను, ఘాట్ రోడ్డు కూడా. కాబట్టి కోత అనగానే వీపంతా చీరేస్తారని భయపడొద్దని మీ అమ్మగారికి చెప్పండి. మంచాన పడటం ఆపరేషన్ వల్ల కాదు, నాకు ఆపరేషన్‌కి ముందే జరిగింది అది.

నాగావళి_గట్టు

ఫిజియో గారూ, మీరు చెప్పినవన్నీ చేయించి చూశాం. మూత్రం, స్పర్శ బాగానే ఉన్నాయి. మడమల మీద నడిచాడు. ఎడమ మునివేళ్ళ మీద లేచాడు గానీ ఐదారుసార్లకే వణికి ఆగిపోయాడు, కుడికాలితో ఇరవై సార్లు లేచాడు. ఇది ఏ డాక్టరూ లేపించి చూడలేదు, ముగ్గురూ ఫిల్మే చూశారు.

రాజాం_ఫిజియో

కొంచెం బలహీనత ఉంది, నొప్పి వల్ల కూడా అలా ఆగిపోవచ్చు. రెండు మూడు రోజులకోసారి ఇదే పరీక్ష చేసి రాసుకోండి. తగ్గుతూ పోతుంటే ఆగే ప్రసక్తి లేదు. అలాగే ఉంటే లేదా మెరుగైతే ఆలోచించుకోవడానికి టైముంది.

కవిటి_కొబ్బరితోట

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. నేను ఉద్దానం మనిషిని కాబట్టి అడుగుతున్నాను: తమ్ముడు ఏ నొప్పి మాత్రలు వాడుతున్నాడు, ఎన్నాళ్ళుగా? క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్త పరీక్ష) చేయించారా?

మా వైపు కవిటి, కంచిలి, సోంపేట, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ జబ్బు సంగతి అందరికీ తెలిసిందే. షుగరు లేదు, బీపీ లేదు, అయినా కిడ్నీలు పోతున్నాయి. కారణం ఇదీ అని ఇన్నేళ్ళ పరిశోధనల తర్వాత కూడా తేల్లేదు. అలాంటి చోట తోట పనికి, జీడి పిక్కల పనికి పోయేవాళ్ళు నడుం నొప్పికి మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ స్ట్రిప్పు కొనుక్కుని బఠాణీల్లా వేసుకుంటారు. ఊళ్ళో డాక్టరు దగ్గరికి పోతే పిరుదుకి ఇంజెక్షన్. మా చిన్నాన్న ఏడాది పైగా ఇలాగే లాగాడు, డిస్కుకి ఆపరేషన్ వద్దంటే వద్దని. చివరికి మత్తు డాక్టరు రక్త పరీక్ష అడిగితే అప్పుడు బయటపడింది. ఇప్పుడు పలాస కిడ్నీ ఆసుపత్రి చుట్టూ తిరుగుతున్నాడు. మాత్రల వల్లే అని నేననను, ముందే ఉండి ఉండొచ్చు. కానీ కిడ్నీ కాస్త నీరసించిన మనిషికి ఈ మాత్రలు విషంతో సమానమని అక్కడి డాక్టర్లు మొహం మీదే చెప్పారు.

ఆపరేషన్ అంటే భయపడి "మందులతో సరిపెడదాం" అనుకునేవాళ్ళు, ఆ మందులు కూడా ఊరికే రావని లెక్క వేసుకోవాలి.

నాగావళి_గట్టు

అయ్యో, మేము అసలు ఆలోచించలేదు. రోజుకు రెండు నొప్పి మాత్రలు, రాత్రి నరాల నొప్పికని ప్రీగాబలిన్ వేసుకుంటున్నాడు. రేపే రక్త పరీక్ష చేయిస్తాం. ప్రీగాబలిన్ వేసుకుంటే తెల్లారి పది దాకా మత్తుగానే ఉంటున్నాడు.

నైట్_డ్యూటీ (సొంతూరు బొబ్బిలి)

వెన్నెముక ఆపరేషన్లు చేసే విభాగంలో పీజీ చేస్తున్నాను. మనిషిని చూడకుండా ఇది చేయించండి అని చెప్పను. కానీ మూడు మాటలు ఎందుకు వచ్చాయో చెప్పగలను.

మొదట ఆగమన్న డాక్టరు తప్పు చెప్పలేదు. జారిన డిస్కు ముక్కను ఒళ్ళే కొన్ని నెలల్లో చాలావరకు కరిగించుకుంటుంది. చిత్రంగా, పెద్దగా బయటికి వచ్చిన ముక్కలే ఎక్కువగా కరుగుతాయి. సయాటికా, అంటే నరం నలిగి ఇలా కాల్లోకి లాగే నొప్పి, వచ్చిన వాళ్ళలో ఎక్కువమందికి 6 నుంచి 12 వారాల్లో తగ్గుముఖం పడుతుంది. నెదర్లాండ్స్‌లో 2007లో ఒక పెద్ద పరిశోధన వచ్చింది. 6 నుంచి 12 వారాలుగా తీవ్రమైన కాలి నొప్పితో ఉన్న 283 మందిని రెండు జట్లు చేశారు, ఒక జట్టుకు వెంటనే ఆపరేషన్, రెండో జట్టుకు ఆగి చూడటం. ఏడాది తిరిగేసరికి రెండు జట్లూ దాదాపు ఒకే చోటికి వచ్చాయి, రెండింట్లోనూ 95 శాతం మంది కోలుకున్నారు. తేడా ఎక్కడంటే, ఆపరేషన్ జట్టు త్వరగా కోలుకుంది. ఆగిన జట్టులో 39 శాతం మంది ఆగలేక మధ్యలో ఆపరేషన్ చేయించుకున్నారు.

అంటే కాళ్ళ బలం బాగుండి, మూత్రం సమస్య లేని మనిషికి ఈ ఆపరేషన్ ఎక్కువగా కొనిపెట్టేది కాలాన్ని. ఇంకో మూడు నాలుగు నెలలు ఈ నొప్పి భరించగలడా, కొట్టు మూసుకుని కూర్చోగలడా అన్నది మీ తమ్ముడే చెప్పాలి. నేనూ చెప్పలేను, మీ అమ్మగారూ చెప్పలేరు.

ప్రీగాబలిన్ గురించి: 2017లో సయాటికా మీద జరిగిన పరీక్షలో ఉత్తుత్తి మాత్ర కంటే అది కాలి నొప్పిని ఎక్కువేమీ తగ్గించలేదు. మత్తు అంతగా ఉంటే రాసిన డాక్టరుతో మాట్లాడి మెల్లగా తగ్గించుకోండి. ఒక్కసారిగా ఆపకండి.

ఆమదాలవలస_అమ్మాయి

అందరూ ఆగమంటున్నారు, ఒళ్ళు మండుతోంది. మావారికీ ఆగమన్నారు. ఆగాం. ఒక ఆసుపత్రిలో ఫిజియో, ఇంకోచోట ట్రాక్షన్ (బరువు కట్టి నడుం లాగడం), తర్వాత తెలిసినాయన చెప్పారని ఆయుర్వేద తైలం. ఈలోపు పాదం ముందు భాగం జారిపోవడం మొదలైంది, చెప్పు ఊడిపోయేది, నడుస్తుంటే బొటనవేలు నేలకు రాసుకునేది. నొప్పి తగ్గింది కాబట్టి బాగుపడుతోందని మేమంతా సంతోషించాం కూడా. నరం చచ్చిపోతున్నా నొప్పి తగ్గుతుందని మాకెవరూ చెప్పలేదు. ఆపరేషన్ తర్వాత కొంత వచ్చింది గానీ ఇప్పటికీ పాదానికి ప్లాస్టిక్ పట్టీ తగిలించుకుని షూ వేసుకుంటారు.

నైట్_డ్యూటీ

అక్కా, మీరు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం, అందుకే "బలం బాగుండి" అని ముందే రాశాను. పాదం జారిపోవడం మొదలైతే వారాల లెక్క పక్కన పెట్టాలి. ఆగడమంటే తైలం రాసుకుంటూ కూర్చోవడం కాదు, ఫిజియో గారు చెప్పినట్టు బలం చూసుకుంటూ ఉండటం. నొప్పి తగ్గి మొద్దు, బలహీనత పెరిగితే అది మంచి కబురు కాదు. ఇది ఎవరైనా పెద్ద అక్షరాలతో రాసి బస్టాండ్లలో అంటించినా తప్పులేదు.

గంటస్తంభం_మాస్టారు

డాక్టరు బాబూ, స్క్రూల సంగతి చెప్పలేదు. మూడు డిస్కులు పోయాయని అన్నారట కదా.

నైట్_డ్యూటీ

1994లో అమెరికాలో నడుం నొప్పి బొత్తిగా లేని 98 మందికి ఎమ్మారై తీశారు. అందులో 52 శాతం మందికి ఎక్కడో ఒకచోట బల్జ్ ఉంది. ఎక్స్‌ట్రూజన్ మాత్రం 1 శాతానికే ఉంది. కాబట్టి 34 ఏళ్ళ మనిషి రిపోర్టులో రెండు బల్జులు కనిపించడం జబ్బు కాదు, వయసుతో వచ్చే మార్పు. నొప్పి చిటికెన వేలి వైపు, పిక్క బలం తగ్గింది, ఫిల్ములో ఎడమ ఎస్1 నరమే నలిగింది. మూడూ ఒకే చోటును చూపిస్తున్నాయి. ఒక్క ముక్క తీసేస్తే చాలే మనిషికి స్క్రూలు అవసరం రాదు. పూస జారి కదులుతుంటే, లేదా ఇంకేదైనా బలమైన కారణం ఉంటేనే బిగించాలి. ఆ డాక్టరు ఎక్స్‌రేలో వంగినప్పుడు, నిటారుగా ఉన్నప్పుడు పూస కదలిక చూశారా? చూడకుండా చెప్పి ఉంటే ఇంకొకరి అభిప్రాయం తప్పకుండా తీసుకోండి.

చీపురుపల్లి_చిన్నోడు

నేను చెప్పిందీ అదే కదా, వ్యాపారం అని.

సాలూరు_లారీ

నువ్వు చెప్పింది తన్నించుకోమని.

పొందూరు_సన్నఖద్దరు

మా ఇంట్లోనూ ఇదే చర్చ నడుస్తోంది, అందుకే అడుగుతున్నా. ఎండోస్కోపీ, మైక్రో, ట్యూబు అని మూడు పేర్లు చెప్తున్నారు. ఏది మంచిదో ఒక్క ముక్కలో చెప్పండి.

నైట్_డ్యూటీ

ఒక్క ముక్కలో రాదండీ, కాస్త ఓపిక పట్టండి.

డిస్కు నరాన్ని నొక్కితే సయాటికా వస్తుందని, ఆ ముక్క తీస్తే తగ్గుతుందని 1934లో మిక్స్టర్, బార్ అనే అమెరికన్ డాక్టర్లు చూపించారు. అప్పట్లో పెద్ద కోతే. 1977 ప్రాంతంలో మైక్రోస్కోప్ పెట్టి చిన్న కోతలో చేయడం మొదలైంది. అదే మైక్రోడిస్కెక్టమీ, లారీ అన్నకు చేసింది. 1997లో కండరాన్ని కోయకుండా, ఒకదానికంటే ఒకటి లావైన గొట్టాలతో మెల్లగా పక్కకు తోసి, ఆఖరి గొట్టంలోంచి పని చేసే పద్ధతి వచ్చింది. అది ట్యూబు. పూర్తి ఎండోస్కోపీలో 7, 8 మిల్లీమీటర్ల గొట్టం, దాని కొసన కెమెరా, నీళ్ళు పారుతుంటే ముక్క పట్టుకుని లాగడం. అందులో మళ్ళీ రెండు దారులు. ఇంటికి పెరటి గుమ్మం, వీధి గుమ్మం ఉన్నట్టే. మాస్టారికి నడుం పక్క నుంచి, నరం బయటికొచ్చే రంధ్రంలోంచి వెళ్ళారు. అది తిమ్మిరి ఇంజెక్షన్‌తో అయిపోతుంది. ఎల్5-ఎస్1కి ఆ పక్క దారిలో కటి ఎముక అడ్డం రావచ్చు, ముఖ్యంగా ఎముక ఎత్తుగా ఉన్న మగవాళ్ళలో. కానీ అదే స్థాయిలో వెనక వైపు రెండు పూసల మధ్య సందు వెడల్పుగా ఉంటుంది, అందుకని వెనక నుంచి వెళ్తారు. దానికి చాలాచోట్ల పూర్తి మత్తే ఇస్తారు. "మెలకువగానే చేసేస్తాం" అని నాగావళి అక్క వాళ్ళకు చెప్పి ఉంటే, ఎల్5-ఎస్1కి ఏ దారిలో వెళ్తారని అడగండి.

ఇక ఏది మంచిది? 2009లో 328 మంది మీద ట్యూబుని, మామూలు మైక్రోని పోల్చితే ట్యూబుకి లాభమేమీ కనబడలేదు, నొప్పి తగ్గడంలో కాస్త వెనకబడింది కూడా. 2022లో 613 మంది మీద పక్క దారి ఎండోస్కోపీని, మైక్రోని పోల్చితే ఎండోస్కోపీ ఏమీ తీసిపోలేదని తేలింది. కాబట్టి అన్నీ పనిచేస్తాయి. ఎండోస్కోపీలో కోత తక్కువ, తొందరగా లేస్తారు, కానీ అది చేతికి రావడానికి సర్జన్‌కి చాలా కేసులు పడతాయి. మైక్రో ఏళ్ళ తరబడి చేస్తున్న చెయ్యి దొరికితే, నిన్నగాక మొన్న ఎండోస్కోపీ కొన్న ఆసుపత్రి కంటే నా ఓటు దానికే. రంధ్రం ఎంత చిన్నదని అడగడం మానేసి, ఎల్5-ఎస్1కి మీరు ఎన్ని చేశారు, ముక్క మిగిలిపోయి మళ్ళీ చేయాల్సి వస్తే ఏం చేస్తారు అని అడగండి.

పొందూరు_సన్నఖద్దరు

ధన్యవాదాలు. నడుంలోకి స్టిరాయిడ్ ఇంజెక్షన్ అంటున్నారు, అది?

నైట్_డ్యూటీ

నరం పక్కన వాపు తగ్గించి కొన్ని వారాలు ఊరట ఇవ్వొచ్చు. ముక్కను తీసెయ్యదు. ఈలోపు ఒళ్ళు ముక్కను కరిగిస్తే ఆపరేషన్ తప్పిపోతుంది. షుగరు ఉంటే కొన్ని రోజులు బాగా పెరుగుతుంది, చూసుకోండి.

బీమా_బాధితుడు (విజయనగరం)

డబ్బు సంగతి ఎవరూ ఎత్తలేదు. నా అనుభవం: ప్రైవేటు ఆరోగ్య బీమా ఉంది కదా అని ధీమాగా వెళ్ళాను. చాలా పాలసీల్లో డిస్కు జబ్బులకు మొదటి 2 ఏళ్ళు వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది, నా పాలసీ ఏడాదిదే. క్లెయిము తిరగ్గొట్టారు. పాలసీ కాగితంలో "ప్రొలాప్స్డ్ డిస్క్" (జారిన డిస్కు) అనే మాట ఎక్కడుందో ముందు వెతకండి. ప్రమాదంలో జరిగిన దెబ్బ అయితే లెక్క వేరు.

కార్డు ఉన్నవాళ్ళు ఎన్టీఆర్ వైద్య సేవలో ఏ రకం ఆపరేషన్ వస్తుందో ఆసుపత్రి పథకం కౌంటర్లో అడిగి, చేరకముందే అనుమతి తెప్పించుకోండి. కొన్నిచోట్ల "డిస్కు పథకంలో వస్తుంది, ఎండోస్కోపీ గొట్టాల ఖర్చు మీది" అని మధ్యలో చెప్తారు. అంచనా బిల్లు కాగితం మీద రాయించుకోండి, రూము, ఇంప్లాంటు, సీ-ఆర్మ్ (ఆపరేషన్ గదిలో వాడే ఎక్స్‌రే యంత్రం), మందులు అన్నీ విడివిడిగా.

కవిటి_కొబ్బరితోట

అలాగే చివరి మండలాల వాళ్ళకు ఇంకో మాట. ఇచ్ఛాపురం, సోంపేట నుంచి విశాఖ దూరం. మూత్రం ఆగిపోవడం లాంటిది రాత్రిపూట జరిగితే తెల్లారనిద్దాం అనుకోవద్దు. 108కి ఫోన్ చేసి, ముందు జిల్లా పెద్దాసుపత్రికి వెళ్తే అక్కడ ఎమ్మారై తీసి పంపిస్తారా, నేరుగా విశాఖ పోవాలా అన్నది ఫోన్లోనే తేల్చుకోండి. మా చుట్టాల్లో ఒకామె రాత్రంతా ఎదురుచూసింది, ఇప్పటికీ గొట్టం పెట్టుకునే మూత్రం పోసుకుంటుంది.

నాగావళి_గట్టు

అప్‌డేట్ ఇస్తున్నాను. క్రియాటినిన్ నార్మల్ వచ్చింది, దేవుడి దయ. నొప్పి మాత్రలు సగం చేశాం. ఇంకో సర్జన్ దగ్గరికి వెళ్ళాం. ఆయన ఫిల్ము కంటే ముందు మనిషిని చూశారు. పడుకోబెట్టి కాలు ఎత్తారు, సుత్తితో మడమ దగ్గర కొట్టారు, ఎడమ వైపు కాలు ఎగరలేదు. ఒంటికాలి మీద లేపించారు. ఎక్స్‌రే వంగదీసి తీయించారు, పూస కదలట్లేదట, స్క్రూల మాటే లేదన్నారు. బలహీనత ఉంది గానీ పెరగట్లేదు కాబట్టి రెండు వారాలు చూసి, తగ్గకపోతే మైక్రోడిస్కెక్టమీ చేద్దాం అన్నారు. ఎండోస్కోపీ చేస్తారా అని అడిగితే, "నా చెయ్యి మైక్రోకి అలవాటు, ఎండోస్కోపీయే కావాలంటే మంచి చోటు చెప్తాను" అన్నారు. ఆ మాటకే తమ్ముడికి ఆయన మీద గురి కుదిరింది.

అమ్మను లారీ అన్న పోస్టు చదివి వినిపించి ఒప్పించాం.

సాలూరు_లారీ

ఏడేళ్ళలో నా వల్ల ఒకరికి ఉపకారం జరిగింది. అమ్మగారికి నా నమస్కారాలు.

రాజాం_ఫిజియో

మంచి డాక్టరు దొరికారు. ఈ రెండు వారాలూ మంచం మీదే ఉంచకండి, నడవగలిగినంత నడవనివ్వండి. చుట్ట, సిగరెట్టు ఉంటే మానిపించండి. పొగ తాగేవాళ్ళలో డిస్కు తొందరగా ఎండిపోతుంది, మళ్ళీ జారే అవకాశమూ ఎక్కువ. మన పక్క అడ్డచుట్ట తాగే అమ్మలకు చెప్తే కొట్టొస్తారు గానీ, చెప్పక తప్పదు.

నాగావళి_గట్టు

ఆలస్యమైంది, క్షమించండి. రెండు వారాల్లో నొప్పి కాస్తే తగ్గింది. కూర్చోవడం మాత్రం కుదరలేదు. సీజను మొదలైపోతోంది, కొట్టు తీయకపోతే అప్పులవాళ్ళు ఊరుకోరు, ఇక ఆగలేనని తనే నిర్ణయించుకున్నాడు. మైక్రో చేయించాం. మూడోరోజు కారు వెనక సీటు వాల్చి నరసన్నపేట తీసుకొచ్చాం, దారిలో తగరపువలస దగ్గర, రణస్థలం దగ్గర దింపి నడిపించాం.

కాలి లాగుడు పోయింది. చిటికెన వేలు మొద్దుగానే ఉంది. పిక్క బలం ఇంకా పూర్తిగా రాలేదు, నెలలు పట్టవచ్చు, కొంత ఉండిపోవచ్చు కూడా అన్నారు. ముందే చెప్పారు కాబట్టి బెంగ లేదు. మళ్ళీ జారే అవకాశం ఎంత అంటే నూటికి 5 నుంచి 15 మందికి అన్నారు. కొట్టులో బస్తాల జోలికి మూడు నెలలు పోవద్దన్నారు. కలాసీని నెలజీతానికి పెట్టేశాం.

ఒక సందేహం. వచ్చే నెల మేనకోడలి పెళ్ళి. మేనమామగా పీటల మీద కూర్చోవాలి, బుట్టలో పెళ్ళికూతుర్ని మోసుకురావాలి. డాక్టరు గారిని అడగడానికి వాడు సిగ్గుపడుతున్నాడు.

రాజాం_ఫిజియో

బుట్ట మోత కుదరదు అక్కా, ఖచ్చితంగా. ఇంకో మేనమామ వరసవాడు ఎవరైనా మొయ్యనివ్వండి, మీవాడు బుట్ట మీద చెయ్యి వేసి పక్కన నడిస్తే చాలు. పీట బదులు ఎత్తు స్టూలు వేయించండి. పంతులుగారికి ముందే చెప్తే సర్దుతారు. అరగంటకోసారి లేచి తిరగమనండి, భోజనాలు బఫే దగ్గర నిలబడి. పందిట్లో ఫోటోల కోసం వంగి ఎవరి కాళ్ళకీ దండం పెట్టొద్దని కూడా చెప్పండి, దూరం నుంచి చాలు.

సాలూరు_లారీ

బుట్ట మొయ్యడానికి మనిషి కావాలంటే సాలూరు నుంచి నేనొస్తాను. భోజనం పెట్టాలి మరి.

రాజాం_ఫిజియో

అన్నా, మీరూ మొయ్యకూడదు.